దృశ్య సంస్కృతిని న్యూ మీడియా ఆర్ట్ ద్వారా చదవాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫైన్ ఆర్ట్స్ వాళ్లు, జర్నలిజం వాళ్లు, బీటెక్ అయిపోయి ఇటువైపు చూస్తున్నవాళ్లు, తెలుగు ఎంఏ చేసి పీహెచ్‌డీకి టాపిక్ వెతుక్కుంటున్నవాళ్లు, ఎవరు వచ్చినా అడిగేవి దాదాపు ఇవే. ప్రతిసారీ విడివిడిగా చెప్పే బదులు, వాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు పెట్టి జవాబులు రాశాను. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు అవసరమైన చోట నుంచి చదవండి.

## మొదలుపెట్టే ముందు

దృశ్య సంస్కృతి అంటే ఏంటి? ఆర్ట్ హిస్టరీ చదివితే సరిపోదా?

ఆర్ట్ హిస్టరీ చాలావరకు కళాకృతితో మొదలవుతుంది: ఎవరు చేశారు, ఎప్పుడు, ఏ శైలి. దృశ్య సంస్కృతికి కళ అనే హోదా అక్కర్లేదు. గోడ మీది దేవుడి క్యాలెండర్, సెంటర్‌లో కట్టిన ఫ్లెక్సీ, ఆసుపత్రిలో ఇచ్చే ఎక్స్‌రే, ఆధార్ కార్డు మీది ఫొటో, యూట్యూబ్ థంబ్‌నెయిల్, అన్నీ దాని కిందికే వస్తాయి. అడిగే ప్రశ్న కూడా మారుతుంది. బొమ్మ బాగుందా అని కాదు, దీన్ని ఎవరు చూడగలుగుతున్నారు, ఎవరిని చూపిస్తున్నారు, చూసేవాడి చేతికి దీనివల్ల ఏం అధికారం వస్తోంది అని.

రవివర్మ ప్రెస్సునే తీసుకోండి. 1894లో బొంబాయిలో మొదలైన ఆ లిథో ప్రెస్సు నుంచి లక్ష్మి, సరస్వతి బొమ్మలు చవకగా అచ్చయి ఇళ్లలోకి వచ్చాయి, గుడి గడప తొక్కనివ్వని కులాల ఇళ్లలోకి కూడా. ఆర్ట్ హిస్టరీ రవివర్మ తైలవర్ణాల నైపుణ్యం దగ్గర ఎక్కువసేపు ఆగుతుంది. దృశ్య సంస్కృతి ఆ అచ్చు కాగితం వెంట ఊళ్లలోకి వెళ్తుంది. రెండూ కావాలి, కానీ రెండోది లేకుండా ఈ రోజు ఫోన్లలో జరుగుతున్నది అర్థం చేసుకోవడం కష్టం.

న్యూ మీడియా ఆర్ట్ అంటే కంప్యూటర్‌లో వేసిన బొమ్మలేనా?

కాదు. ట్యాబ్ మీద కృష్ణుడి బొమ్మ వేస్తే అది డిజిటల్ పెయింటింగ్, అందులో తప్పేం లేదు. కెమెరా, సిగ్నల్, కోడ్, నెట్‌వర్క్, సెన్సర్, డేటా లాంటివి పని చేస్తూనే చర్చలోకి కూడా వచ్చినప్పుడు దాన్ని న్యూ మీడియా ఆర్ట్ అంటాం. కొరియాలో పుట్టిన నామ్ జూన్ పైక్ 1974లో చేసిన 'టీవీ బుద్ధ'లో ఒక బుద్ధ విగ్రహం, ఎదురుగా టీవీ, ఆ టీవీ వెనక కెమెరా ఉంటాయి. బుద్ధుడు తెరలో తననే చూసుకుంటూ ఉంటాడు, అదీ ఆ క్షణంలో తీస్తున్న దృశ్యమే. కెమెరా ఆపితే అక్కడ కళాకృతి లేదు, ఒక పాత విగ్రహం, ఒక ఖాళీ టీవీ మిగులుతాయి. ఏదైనా వర్క్ ముందు నిలబడి 'కరెంటు పోతే, నెట్ పోతే, నేను ఇక్కడి నుంచి వెళ్లిపోతే ఇందులో ఏం పోతుంది' అని అడిగి చూడండి.

సినిమాలు, ప్రకటనలు ఉన్నాయి కదా, వాటిని చదవొచ్చు కదా. న్యూ మీడియా ఆర్టే ఎందుకు?

సినిమా, ప్రకటన, యాప్ ఇవన్నీ తమ యంత్రాన్ని దాచిపెడతాయి, దాచితేనే అవి బాగా పనిచేస్తాయి. మీ ఫోన్ ముఖం గుర్తుపట్టి లాక్ తీసినప్పుడు లోపల ఏం కొలిచిందో మీకు కనిపించదు. న్యూ మీడియా కళాకారులు అదే యంత్రాన్ని తీసుకుని, దాని పని మన కళ్లకు, ఒంటికి తెలిసేలా మరో చోట నిలబెడతారు. నేను దీన్ని నమ్మడానికి ముఖ్య కారణం ఒక వర్క్.

2014 సెప్టెంబరు 26న మెక్సికోలోని ఇగ్వాలాలో అయోత్సినాపా టీచర్ ట్రైనింగ్ కాలేజీ విద్యార్థులు 43 మందిని మాయం చేశారు. 2015లో రఫాయెల్ లొసానో హెమ్మర్ అనే మెక్సికన్-కెనడియన్ కళాకారుడు 'లెవెల్ ఆఫ్ కాన్ఫిడెన్స్' చేశాడు. మీరు తెర ముందు నిలబడితే కెమెరా మీ ముఖాన్ని చదివి, ఆ 43 మందిలో ఎవరి ముఖానికి మీది దగ్గరగా ఉందో, ఎంత శాతం నమ్మకంతో చెబుతున్నదో చూపిస్తుంది. పోలీసులు అనుమానితుల్ని పట్టడానికి వాడే సాంకేతికత ఇక్కడ బాధితుల్ని వెతుకుతోంది, వెతకడం ఆపదు, ఎప్పటికీ దొరకరు. ఆ శాతం అంకె చూస్తున్నప్పుడు రెండు విషయాలు ఒకేసారి తగులుతాయి. ఆ పిల్లవాడు నాలాగే ఉన్నాడు అన్నది ఒకటి, యంత్రం చెప్పే పోలిక ఎప్పుడూ అంచనానే అన్నది రెండోది. ఫేషియల్ రికగ్నిషన్ మీద పది వ్యాసాలు చదివినా ఇంత సూటిగా అర్థం కాదు. ఈ వర్క్ కోడ్‌ను కూడా ఆయన అందరికీ ఇచ్చేశాడు, వేరే దేశాల్లో మాయమైనవాళ్ల కోసం మార్చుకోవచ్చని.

నాకు బొమ్మలు వేయడం రాదు, కోడింగ్ కూడా రాదు. పనికొస్తానా?

వస్తారు. ఓపికగా చూడటం, చూసింది ఉన్నది ఉన్నట్టు రాయడం వస్తే చాలు, మిగతాది నేర్చుకోవచ్చు. సోషియాలజీ, సాహిత్యం నుంచి వచ్చినవాళ్లు చాలాసార్లు ఆర్ట్ వాళ్లకంటే మంచి ప్రశ్నలు వేస్తారు.

ఇంగ్లీషు అంతంత మాత్రమే. తెలుగులో చదవడం కుదురుతుందా?

సిద్ధాంతం పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉన్నాయి, అవి తప్పించుకోలేం. కానీ ముందు కావాల్సింది సిద్ధాంతం కాదు. వర్క్ చూశాక మీ నోట్సు తెలుగులోనే రాయండి. ఎందుకంటే ఇంగ్లీషులో రాయగానే 'ఇమ్మర్సివ్', 'ఇంటరాక్టివ్' లాంటి అరువు మాటలు ముందుకొచ్చి, నిజంగా ఏం జరిగిందో రాయకుండానే పేజీ నిండిపోతుంది. తెలుగులో అయితే 'నేను అడుగు ముందుకేస్తే బల్బు ఆరిపోయింది' అని రాయక తప్పదు, మనకు కావలసిందీ అదే. చదివేటప్పుడు రోజుకు నాలుగు పేజీలు చాలు, ప్రతి పేరా పక్కన దాని సారాన్ని ఒక తెలుగు వాక్యంలో రాసుకుంటూ వెళ్లండి.

## చూడటం నేర్చుకునేటప్పుడు

గ్యాలరీకి వెళ్తే చీకటి గదిలో వీడియో తిరుగుతుంటుంది, ఏమీ అర్థం కాదు. ఎలా చూడాలి?

మొదట కూర్చోండి. వీడియో ఎక్కడో మధ్యలో ఉన్నప్పుడు లోపలికి వెళ్లి రెండు నిమిషాల్లో బయటికి రావడమే అసలు సమస్య. మీరు వెళ్లినప్పుడు ఏ దృశ్యం ఉందో గుర్తుపెట్టుకుని, అది మళ్లీ వచ్చేదాకా ఉండండి. గోడ మీది లేబుల్ ముందే చదవకండి, చదివారంటే దానిలో రాసిందే కనిపిస్తుంది.

తర్వాత తెర నుంచి కళ్లు తిప్పండి. ప్రొజెక్టర్ ఎక్కడుంది, ఎన్ని స్పీకర్లు, ఎక్కడైనా కెమెరా ఉందా, మీ నీడ ఎక్కడ పడుతోంది, వచ్చినవాళ్లు ఎక్కడ ఆగుతున్నారు, పిల్లలు ఏం చేస్తున్నారు. పిల్లల్ని గమనించండి, పెద్దవాళ్లు భయపడి దూరంగా నిలబడ్డ సెన్సర్‌ని వాళ్లు క్షణంలో కనిపెడతారు. చివరికి మీ ఒంటి సంగతి: వంగాల్సి వచ్చిందా, వెనక్కి జరిగారా, ఎవరో చూస్తున్నారనిపించిందా. ఇవన్నీ అక్కడే కాగితం మీద రాసుకోవాలి, ఇంటికొచ్చి రాద్దాం అంటే సగం పోతుంది.

మా ఊళ్లో గ్యాలరీలు లేవు. ఇంట్లో కూర్చుని ఏం చూడొచ్చు?

ఇంటర్నెట్ కోసమే చేసిన వర్క్‌లకు మీ ఇల్లే గ్యాలరీ. న్యూయార్క్‌లోని రైజోమ్ సంస్థ 'నెట్ ఆర్ట్ ఆంథాలజీ' పేరుతో 2016 నుంచి 2019 దాకా 100 వర్క్‌లు సేకరించి ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. అందులో ఓలియా లియాలినా 1996లో చేసిన 'మై బాయ్‌ఫ్రెండ్ కేమ్ బ్యాక్ ఫ్రమ్ ద వార్' వెతకండి: యుద్ధం నుంచి తిరిగొచ్చిన ప్రియుడితో మాట్లాడే కథ, ఒక్కో క్లిక్కుకు తెర ఇంకా చిన్న ముక్కలుగా చీలుతూ పోతుంది. ఇద్దరి మధ్య మాట కుదరకపోవడం బ్రౌజర్ ఫ్రేముల్లోనే కనిపిస్తుంది. తర్వాత జోడీ అనే జంట 1995 ప్రాంతంలో పెట్టిన పేజీకి వెళ్లండి, పచ్చ అక్షరాల గజిబిజి తప్ప ఏమీ ఉండదు. అక్కడ పేజీ సోర్స్ తెరిచి చూస్తే ఆ గజిబిజి వెనక బాంబు రేఖాచిత్రం దాగి ఉంటుంది. ఈ రెండూ ఫోన్‌లో కాకుండా కంప్యూటర్‌లో చూడాలి.

మన దేశం నుంచి అయితే పాడ్.మా ఉంది. 2008లో మొదలైన ఈ వీడియో ఆర్కైవ్‌లో పూర్తయిన సినిమాల కంటే ఎడిట్ కాని ఫుటేజీ ఎక్కువ, పక్కనే క్షణం క్షణానికి రాసిన వ్యాఖ్యలు ఉంటాయి. ఒక దృశ్యాన్ని ఎలా చదవాలో నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి నాకు తెలియదు.

వీలైతే కేరళలో జరిగే పెద్ద కళా ప్రదర్శన కొచ్చి-ముజిరిస్ బినాలేకి ఒక్కసారి వెళ్లి రండి, విద్యార్థులు నలుగురు కలిస్తే రైల్లో వెళ్లిరావచ్చు.

యూట్యూబ్‌లో చూసిన ఇన్‌స్టలేషన్ గురించి రాయొచ్చా?

రాయొచ్చు, కానీ డాక్యుమెంటేషన్ చూసి రాస్తున్నానని మొదటి పేరాలోనే చెప్పాలి. మూడు నిమిషాల వీడియోను ఎవరో ఒకరు ఎడిట్ చేశారు, ఏ కోణం చూపించాలో వాళ్లే నిర్ణయించారు. గది సైజు, శబ్దం, ఎంతసేపు ఎదురుచూడాలి లాంటివి అందులో తెలియవు. వాటి గురించి చూసినట్టు రాయకండి. కళాకారుల వెబ్‌సైట్లలో సాంకేతిక వివరాలు, గది ప్లాన్లు దొరుకుతాయి, అవి తెచ్చుకుని వీడియో పక్కన పెట్టి చదవండి.

మన దేశంలో ఎవరి వర్క్ నుంచి మొదలుపెట్టాలి?

నలినీ మలాని నుంచి మొదలుపెట్టమంటాను. 1946లో కరాచీలో పుట్టి, విభజన తర్వాత ఇటు వచ్చిన కుటుంబం. 2012లో జర్మనీలోని డాక్యుమెంటా అనే పెద్ద కళా ప్రదర్శనలో ఆమె చూపిన షాడో ప్లేలో మైలార్ అనే పల్చటి ప్లాస్టిక్‌తో చేసిన ఐదు పారదర్శక సిలిండర్లు తిరుగుతుంటాయి, వాటి లోపలివైపు బొమ్మలు, వాటిలోంచి వెళ్లే వీడియో వెలుగు, గోడల మీద ఒకదానిమీద ఒకటి పడే నీడలు. తోలుబొమ్మలాట చూసి పెరిగినవాళ్లకు ఇది వెంటనే అందుతుంది. నిమ్మలకుంట బొమ్మల్లో కూడా మేకతోలు పల్చగా ఉండటం వల్లే రంగు వెలుగుతో కలిసి తెర మీదికి వస్తుంది, బొమ్మ ఎంత ముఖ్యమో దీపం అంతే ముఖ్యం. ప్రొజెక్షన్ అనేది మనకు కొత్తగా దిగుమతి అయినది కాదు, ఈ సంగతి మీ క్లాసులో ధైర్యంగా చెప్పండి.

తర్వాత ముంబైలోని క్యాంప్ అనే కళాకారుల స్టూడియో. 2008లో మాంచెస్టర్‌లో 'సీసీటీవీ సోషల్' పేరుతో మామూలు జనాన్ని కెమెరా కంట్రోల్ రూముల్లోకి తీసుకెళ్లి, తమని చూసే తెరల ముందు వాళ్లనే కూర్చోబెట్టారు. 'ఫ్రమ్ గల్ఫ్ టు గల్ఫ్ టు గల్ఫ్' అయితే కచ్ తీరం నుంచి గల్ఫ్ దాకా సరుకు మోసే ఓడల్లోని నావికులు తమ ఫోన్లతో తీసుకున్న వీడియోలతో చేసింది. 2022లో చేసిన 'బాంబే టిల్ట్స్ డౌన్' కోసం ఒక ఎత్తైన భవనం మీద పెట్టిన సీసీటీవీ కెమెరాను దూరం నుంచి తిప్పుతూ నగరాన్ని తీశారు, ఏడు తెరల మీద చూపిస్తారు. నిఘా కెమెరాతో కవిత్వం కూడా చేయొచ్చని ఒప్పుకోక తప్పదు.

శిల్పా గుప్తా 2007లో చేసిన నీడల వర్క్, 1992లో ఢిల్లీలో మొదలైన రాక్స్ మీడియా కలెక్టివ్, వీటిని ఆ తర్వాత చూడండి.

## చరిత్ర, సిద్ధాంతం చదివేటప్పుడు

చరిత్ర ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

1963లో జర్మనీలోని వుపర్టాల్‌లో నామ్ జూన్ పైక్ టీవీ సెట్ల సిగ్నల్‌ను చెడగొట్టి ప్రదర్శన పెట్టాడు, అక్కడ మొదలుపెట్టడం తేలిక. 1968లో లండన్‌లో కంప్యూటర్లు, కళ కలిసిన 'సైబర్నెటిక్ సెరెండిపిటీ' ప్రదర్శన, 1979లో ఆస్ట్రియాలోని లింజ్‌లో ఆర్స్ ఎలెక్ట్రానికా ఉత్సవం, 1995 ప్రాంతం నుంచి నెట్ ఆర్ట్. ఈ గీత అందరూ చెప్తారు. మన వైపు గీత కూడా పక్కనే గీసుకోండి. చిత్రకారుడు అక్బర్ పదమ్‌సీ తనకు వచ్చిన నెహ్రూ ఫెలోషిప్ డబ్బుతో 1969లో బొంబాయిలో విజన్ ఎక్స్చేంజ్ వర్క్‌షాప్ పెట్టాడు. చిత్రకారులు, సినిమా వాళ్లు, ఫొటోగ్రాఫర్లు ఒకే చోట ప్రయోగాలు చేశారు. అదే ఏడాది అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) మూగ్ సింథసైజర్‌తో ఎలక్ట్రానిక్ మ్యూజిక్ స్టూడియో వచ్చింది. ఇక్కడివాళ్లు ఆలస్యంగా, వెనకగా వచ్చారనే మాట ఎవరన్నా అంటే ఈ తేదీలు చూపించండి.

థియరీ చదువుతుంటే బుర్ర తిరుగుతోంది. ఏది ముందు, ఏది తర్వాత?

ముందు కళా విమర్శకుడు జాన్ బెర్జర్ 1972లో బీబీసీకి చేసిన 'వేస్ ఆఫ్ సీయింగ్' నాలుగు ఎపిసోడ్లు చూడండి, చదవడం కంటే తేలిక. కెమెరా వచ్చాక చిత్రం తన చోటు వదిలి ఎక్కడికైనా వెళ్లగలిగింది, అప్పుడు దాని అర్థం మారింది అనే మాట అక్కడ గట్టిగా అందుతుంది. తర్వాత మీడియా సిద్ధాంతకర్త లెవ్ మనోవిచ్, 2001లో వచ్చిన 'ద లాంగ్వేజ్ ఆఫ్ న్యూ మీడియా' పుస్తకంలో న్యూ మీడియాకు ఐదు లక్షణాలు చెప్పాడు. మొదటిది అన్నిటికీ మూలం: అక్కడ ఉన్నది అంకెలు, అంకెలు కాబట్టే ప్రోగ్రామ్ దాన్ని మార్చగలదు. ఆ తర్వాత కళాకారిణి హీటో స్టెయెర్ల్ 2009లో రాసిన చిన్న వ్యాసం 'ఇన్ డిఫెన్స్ ఆఫ్ ద పూర్ ఇమేజ్'. పంచుతూ పంచుతూ నాణ్యత పోయిన బొమ్మల గురించి, వాటిని పనికిరానివని తీసేయడానికి వీల్లేదని ఆమె వాదిస్తుంది. ఫ్యామిలీ గ్రూపులో ముప్పై చేతులు మారి మసకబారిన గుడ్‌మార్నింగ్ బొమ్మ మీద రాయాలనుకునేవాళ్లకు ఇది చాలా పనికొస్తుంది.

మూడూ ఒక వర్క్‌ను పక్కన పెట్టుకునే చదవండి. ఉదాహరణ లేకుండా సిద్ధాంతం చదివితే వారానికే మర్చిపోతారు.

'ఆపరేషనల్ ఇమేజ్' అని అందరూ అంటున్నారు. అదేంటి?

మనిషి చూడటానికి కాకుండా ఒక పని జరగడానికి తీసే దృశ్యం. ఈ మాటను ముందుకు తెచ్చింది జర్మన్ ఫిల్మ్‌మేకర్ హారున్ ఫారోకి, ఆయన తండ్రి భారతీయుడు. 1991 గల్ఫ్ యుద్ధంలో క్షిపణుల ముక్కుల్లోని కెమెరాలు తీసిన దృశ్యాల్లాంటివి 2000 తర్వాత 'ఐ/మెషీన్' అనే వీడియో ఇన్‌స్టలేషన్‌లో పక్కపక్కన పెట్టి చూపించాడు. ఆ కెమెరా మనకు యుద్ధం చూపించడానికి లేదు, లక్ష్యాన్ని చేరడానికి ఉంది. మన రోజువారీలో టోల్‌గేట్ దగ్గర నంబర్ ప్లేటు చదివే కెమెరా, క్యూఆర్ కోడ్, హాజరు వేసే యాప్‌లో ముఖం ఇలాంటివే. వీటికి అందం అక్కర్లేదు, చూసేవాళ్లు కూడా అక్కర్లేదు. అందుకే 'ఈ చిత్రం ఏం చెబుతోంది' అని కాకుండా 'ఈ చిత్రం వల్ల ఏం జరుగుతోంది' అని అడగాలి.

పాత వర్క్‌లు ఇప్పుడు తెరుచుకోవడం లేదు. పనిచేయని వర్క్‌ను ఎలా చదవాలి?

పాడైపోవడం కూడా ఈ కళ చరిత్రలో భాగమే, దాన్ని వదిలేయకండి. నామ్ జూన్ పైక్ 1988లో దక్షిణ కొరియాలోని గ్వాచన్ మ్యూజియంలో 1003 టీవీలతో గోపురంలా ఒక వర్క్ కట్టాడు. అవన్నీ పాత పిక్చర్ ట్యూబులు, వాటి తయారీ ఆగిపోయింది. 2018లో భద్రత కోసం దాన్ని ఆపేశారు, మరమ్మతులు చేసి 2022లో మళ్లీ వెలిగించారు. ట్యూబులకు బదులు ఫ్లాట్ తెరలు పెడితే అది అదే వర్క్ అవుతుందా? ఉబ్బిన గాజు, వెచ్చదనం, సన్నటి హోరు కూడా వర్క్‌లో భాగమా? ఈ ప్రశ్న మీదే ఒక థీసిస్ రాయొచ్చు.

వెబ్ వర్క్‌ల విషయంలో 2020 డిసెంబరు 31తో, చాలా పాత వర్క్‌లను బ్రౌజర్‌లో నడిపిన ఫ్లాష్ సాఫ్ట్‌వేర్‌కు మద్దతు ఆగిపోయింది. ఫ్లాష్‌లా పనిచేసే రఫుల్ అనే ఉచిత ఎమ్యులేటర్‌తో చాలా ఫైళ్లు తెరుచుకుంటాయి. వెబ్ పేజీల పాత కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్ సైటులో పాత పేజీలు వెతకండి. ఏ బ్రౌజర్‌లో, ఏ తేదీన చూశారో రాసుకోవడం మర్చిపోవద్దు.

ఏఐ బొమ్మలు, ఎన్‌ఎఫ్‌టీలు కూడా న్యూ మీడియా ఆర్టేనా?

ఎన్‌ఎఫ్‌టీ అంటే డిజిటల్ ఫైలు ఎవరిదో చెప్పే అమ్మకపు రసీదు లాంటి వ్యవస్థ, 2021లో బీపుల్ అనే డిజిటల్ కళాకారుడి వర్క్ 6.9 కోట్ల డాలర్లు దాటి అమ్ముడైనప్పుడు వచ్చిన హడావిడి కళ కంటే మార్కెట్ గురించి ఎక్కువ చెబుతుంది. మార్కెట్ మీద రాయాలనుకుంటే రాయండి.

ఏఐ వేరే సంగతి. ప్రాంప్ట్ ఇచ్చి వచ్చిన బొమ్మను మెచ్చుకోవడంతో ఆగిపోతే చదవడానికి ఏమీ ఉండదు. ఆ బొమ్మ వెనక ఏ బొమ్మలు ఉన్నాయి, వాటికి పేర్లు ఎవరు పెట్టారు అని వెళ్తే చాలా ఉంటుంది. 2019లో కేట్ క్రాఫోర్డ్, ట్రెవర్ పాగ్లెన్ 'ఇమేజ్‌నెట్ రూలెట్' అనే వెబ్‌సైట్ పెట్టారు. మీ ఫొటో ఎక్కిస్తే, ఇమేజ్‌నెట్ అనే పెద్ద డేటాసెట్‌లోని ముద్రలతో శిక్షణ పొందిన ప్రోగ్రామ్ మీకో పేరు తగిలించేది. జనానికి అవమానకరమైన, జాతివివక్షతో నిండిన ముద్రలు వచ్చాయి. ఆ వెంటనే ఇమేజ్‌నెట్ వాళ్లు మనుషుల ఫొటోలు 6 లక్షలు తీసేస్తామని ప్రకటించారు. ఒక కళాకృతి డేటాసెట్‌ను కదిలించిన సందర్భం ఇది. మీరే చిన్న ప్రయోగం చేయండి: 'పెళ్లికూతురు', 'రైతు', 'దొంగ' అని తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి ఇచ్చి, వచ్చిన బొమ్మల్లో ఒంటి రంగు, బట్టలు, ఇల్లు పోల్చి రాయండి.

## టాపిక్, థీసిస్ దశలో

'సోషల్ మీడియా ప్రభావం' అని పెడితే గైడ్ ఒప్పుకోలేదు. టాపిక్ ఎలా పెట్టాలి?

గైడ్ చెప్పింది నిజమే, ఆ టాపిక్‌కు అంచులు లేవు. ఒక వర్క్, ఒక యంత్రం, ఒక చోటు కలిసేలా పెట్టండి. 'శిల్పా గుప్తా నీడల వర్క్‌లో ప్రేక్షకుడి శరీరం, హైదరాబాద్ మాల్స్‌లోని ఇంటరాక్టివ్ ప్రకటన తెరలు' అంటే రెండు చోట్లా శరీరాన్ని సెన్సర్ ఎలా పట్టుకుంటుందో పోల్చవచ్చు. సినాప్సిస్‌లో మీ ప్రశ్న ఒక్క వాక్యంలో పట్టకపోతే టాపిక్ ఇంకా పెద్దగా ఉన్నట్టే.

తెలుగు రాష్ట్రాల్లో ఈ కోణంలో రాయడానికి ఏముంది?

చాలా ఉంది, రాసినవాళ్లే తక్కువ. ముందుగా ముఖాల సంగతి. తెలంగాణ పోలీసుల టీఎస్‌కాప్ యాప్‌లో ఫేషియల్ రికగ్నిషన్ 2018లో వచ్చింది. 2020 జనవరిలో కొంపల్లి మున్సిపల్ ఎన్నికల్లో 10 పోలింగ్ కేంద్రాల్లో ఓటర్ల ముఖాలను యాప్‌తో సరిచూసే ప్రయోగం చేశారు. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభమైంది, అదే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ టీచర్లు ఫోన్‌లో ముఖం చూపించి హాజరు వేసే పద్ధతి వచ్చింది, సొంత ఫోన్లు వాడమనడంపై టీచర్ల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. బడి ఆవరణలో సిగ్నల్ కోసం, వెలుతురు కోసం ముఖాన్ని అటూ ఇటూ తిప్పే ఆ కొన్ని క్షణాలు పూర్తిగా దృశ్య సంస్కృతి విషయమే. ముఖం అంటే ఇన్నాళ్లూ మనిషి, ఇప్పుడు అది హాజరు పట్టీ. ముఖాన్ని చదివే కళాకృతులతో కలిపి దీన్ని రాస్తే తెలుగులో మొదటి వరస పని అవుతుంది.

ఈ యంత్రాలు అందరినీ ఒకేలా చూడవని కూడా గుర్తుంచుకోండి. 2018లో జాయ్ బ్యులమ్వినీ, టిమ్నిట్ గెబ్రూ అమ్మకంలో ఉన్న మూడు ప్రోగ్రాములను పరీక్షిస్తే, ముఖాన్ని బట్టి ఆడా మగా చెప్పడంలో నల్లని చర్మం ఉన్న స్త్రీల విషయంలో పొరపాటు 34.7 శాతం దాకా వెళ్లింది, తెల్ల మగవాళ్ల విషయంలో 0.8 శాతం దాటలేదు. ఎండలో పనిచేసే మన మనుషుల ముఖాలతో ఈ పరీక్ష ఎవరు చేశారు అనే ప్రశ్న మీది కావచ్చు.

జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్ కుటుంబాల వీడియో కాల్స్, పెళ్లి ఎల్‌ఈడీ తెరలు, ఫ్లెక్సీ వచ్చాక పని పోయిన బ్యానర్ ఆర్టిస్టులు, డ్రోన్‌తో తీసే జాతర వీడియోలు. ఏది తీసుకున్నా మీ ఊరి నుంచే మొదలుపెట్టొచ్చు.

జనాన్ని ఫొటోలు తీసి థీసిస్‌లో పెట్టొచ్చా?

అడిగి తీయండి, ఎందుకు తీస్తున్నారో వాళ్ల భాషలో చెప్పండి, కాగితం మీద సమ్మతి తీసుకోండి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి. నిఘా మీద రాస్తూ మనమే అడగకుండా తీస్తే ఆ పరిశోధనకు విలువ లేదు. పోలీసు భవనాలు, కంట్రోల్ రూముల ఫొటోలు అనుమతి లేకుండా తీయకండి. ప్రభుత్వ టెండర్లు, సమాచార హక్కు దరఖాస్తులు, కోర్టు పత్రాలు వాటికంటే ఎక్కువ చెబుతాయి.

కళాకారుల వర్క్‌ల ఫొటోలు వాడితే కాపీరైట్ సమస్య వస్తుందా?

1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ పరిశోధనకు, విమర్శకు న్యాయమైన వాడకాన్ని అనుమతిస్తుంది. పేరు, సంవత్సరం, ఫొటో ఎవరిదో రాయాలి. పుస్తకంగా అచ్చు వేసేటప్పుడు మాత్రం కళాకారులకు ఒక మెయిల్ పెట్టి అనుమతి తీసుకోవడం మంచిది.

'వర్ణన మాత్రమే ఉంది, విశ్లేషణ లేదు' అంటున్నారు. ఏం చేయాలి?

వర్ణన తీసేయకండి, దాన్ని ఇంకొంచెం లోతుగా చేయండి. 'తెర మీద ముఖం కనిపిస్తుంది' అని రాశారనుకుందాం. ఎంత ఆలస్యంగా కనిపిస్తుంది? ఎవరి ముఖానికి పెట్టె గీస్తుంది, ఎవరికి గీయదు? ముఖం పక్కన అంకె ఉంటే అది ఎక్కడి నుంచి వచ్చింది? అక్కడి నుంచి 'ఇలా కాకుండా చేసి ఉండొచ్చా' అని అడగండి. ఆలస్యం లేకుండా, అంకె లేకుండా చేయగలిగీ కళాకారుడు వాటిని ఉంచాడంటే అందులో ఒక నిర్ణయం ఉంది. ఆ నిర్ణయం గురించి మీరు చెప్పగలిగిందే విశ్లేషణ.

## చేసి చూడాలనుకుంటే

చదవడానికే వచ్చాను, నేనూ ఏదైనా తయారు చేయాలా? ఏ సాఫ్ట్‌వేర్?

తప్పనిసరి కాదు, కానీ చేస్తే రాత మారుతుంది. ఈ రోజే చేయగలిగింది: ఫోన్ కెమెరాను టీవీకి కాస్ట్ చేసి, ఫోన్‌ను అదే టీవీ వైపు తిప్పండి. తెరలో తెర, దానిలో మళ్లీ తెర, ఫోన్ కదిపితే కాస్త ఆలస్యంగా అన్నీ వంగుతాయి. వీడియో ఆర్ట్ తొలి తరం ఇష్టపడిన ఫీడ్‌బ్యాక్ అదే. ఆ ఆలస్యాన్ని కళ్లారా చూశాక 'లైవ్' అనే మాటను తేలిగ్గా వాడలేరు.

కోడ్ వైపు వెళ్లాలంటే పీ5.జేఎస్, ఉచితం, బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. ప్రాసెసింగ్, ప్యూర్ డేటా, బ్లెండర్, ఓబీఎస్ కూడా ఉచితమే. టచ్‌డిజైనర్‌కు ఉచిత వెర్షన్ ఉంది, రిజల్యూషన్ పరిమితితో. ఖరీదైన ల్యాప్‌టాప్ కొనేదాకా ఆగాల్సిన పనిలేదు.

## కోర్సులు, ఉద్యోగాలు

హైదరాబాద్‌లో దీనికి ఎక్కడ చేరాలి?

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ ఉంది, అందులో ఫైన్ ఆర్ట్స్, కమ్యూనికేషన్ రెండు విభాగాలూ ఒకే చోట ఉండటం పెద్ద లాభం. ఇఫ్లూలో (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) ఫిల్మ్ స్టడీస్ అండ్ విజువల్ కల్చర్ విభాగం ఉంది, సిద్ధాంతం వైపు మొగ్గున్నవాళ్లకు బాగుంటుంది. మాసబ్ ట్యాంక్ దగ్గరి జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) చేతిపని వైపు. బయటికి వెళ్లగలిగితే ఢిల్లీ జేఎన్‌యూలో స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ ఈస్తటిక్స్, బరోడా ఫైన్ ఆర్ట్స్, తయారీ కోసం ఎన్‌ఐడీ. సీట్లు, ఎంట్రన్సులు ఏటా మారుతుంటాయి కాబట్టి ఆయా వెబ్‌సైట్లే చూడండి. పేరు చూసి కాకుండా అక్కడి అధ్యాపకులు ఇటీవల ఏం రాశారో చదివి ఎంచుకోండి.

ఉద్యోగాలు ఉంటాయా? ఇంట్లో టెన్షన్ పడుతున్నారు.

ఈ పేరుతో నేరుగా నోటిఫికేషన్ పడదు, అది ఇంట్లో నిజాయితీగా చెప్పాలి. అధ్యాపక వృత్తికి యూజీసీ నెట్‌లో విజువల్ ఆర్ట్ సబ్జెక్టు ఉంది. మ్యూజియంలు, ఆర్కైవులు, ఎగ్జిబిషన్ డిజైన్, డాక్యుమెంటరీ పరిశోధన, వార్తాసంస్థల్లో ఫొటో, వీడియో నిజనిర్ధారణ, టెక్ కంపెనీల్లో యూజర్ రీసెర్చ్, వీటిలో ఈ చదువు పనికొస్తుంది. నకిలీ వీడియోలు పెరుగుతున్న కొద్దీ దృశ్యాన్ని పరీక్షించగలిగేవాళ్ల అవసరం పెరుగుతుందని నా నమ్మకం. చదువుతూనే తెలుగులో నాలుగు మంచి సమీక్షలు రాసి పెట్టుకోండి, ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే అవే మాట్లాడతాయి.

ఉద్యోగం చేసుకుంటూ సొంతంగా చదవడం కుదురుతుందా?

కుదురుతుంది, ఒంటరిగా చేస్తే మాత్రం మధ్యలో ఆగిపోతుంది. ఇద్దరు ముగ్గురు స్నేహితుల్ని కలుపుకోండి. వారానికి ఒక వర్క్, అందరూ విడివిడిగా చూసి ఒక్కో పేజీ తెలుగులో రాసి, ఆదివారం ఆ పేజీలు ఒకరివి ఒకరు చదవండి. ఒకే వర్క్‌లో మీరు చూడనిది పక్కవాళ్లు చూసి ఉంటారు, దాన్ని చర్చించాక మళ్లీ వెళ్లి చూడండి. ఆరు నెలల తర్వాత ఆ పేజీలు పాతిక దాటుతాయి, ఏ యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టినా రైటింగ్ శాంపిల్‌గా అందులోంచే ఒకటి దిద్ది పంపొచ్చు.